చిన్న క్యామ్‌కార్డర్‌కి స్టాండ్ ఎలా ఎంచుకోవాలి: కౌంటర్ దగ్గర చూసుకోవాల్సినవి, ఫంక్షన్‌లో చేయాల్సినవి

"పావు కిలో లేని కెమెరాకి ఇంత స్టాండెందుకండీ, సెల్‌ఫోన్ ట్రైపాడ్ సరిపోదా?" చిన్న క్యామ్‌కార్డర్ కొన్న ప్రతివాళ్లూ అడిగే మాట ఇది. ఓణీల ఫంక్షన్‌కో, స్కూలు వార్షికోత్సవానికో తీసుకెళ్లి, జూమ్ చేసి తీసి, ఇంటికొచ్చి టీవీలో వేసి చూశాక ఇక అడగరు. బొమ్మ ఊగుతూ ఉంటుంది.

లెక్క చూడండి. సోనీ సీఎక్స్405 బ్యాటరీతో కలిపి 215 గ్రాములు. జూమ్ మాత్రం 30 రెట్లు. చివరిదాకా లాగితే 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో 804 ఎంఎం లెన్స్‌తో సమానం. హాలు వెనక వరసల్లోంచి, అంటే 20 మీటర్ల దూరం నుంచి, ఆ జూమ్‌లో ఫ్రేమ్ వెడల్పులో పట్టేది 90 సెంటీమీటర్లే. హార్మోనియం ముందు కూర్చున్న ఒక మనిషి, అంతే. అప్పుడు హెడ్, అంటే స్టాండ్ పైన కెమెరాని పట్టుకుని తిరిగే భాగం, ఒక డిగ్రీలో పదో వంతు కదిలినా అక్కడ మూడున్నర సెంటీమీటర్లు జరిగిపోతుంది. 43 అంగుళాల టీవీలో అది రెండు వేళ్ల మందం.

దానికితోడు తేలిక కెమెరాకి ఒక అవగుణం ఉంది. నాలుగు కిలోల కెమెరా మీద వేలు పెడితే దాని బరువే ఆ కదలికని మింగేస్తుంది. ఇది మింగదు. రికార్డ్ బటన్ నొక్కినా, స్క్రీన్ తాకినా, ఫ్యాన్ గాలి తగిలినా కదులుతుంది. కాబట్టి "ఎన్ని కిలోలు మోస్తుంది" అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. డబ్బాల మీద రాసిన 3 కిలోలు, 5 కిలోలు చూసి మోసపోకండి. ఎంత త్వరగా నిశ్చలమవుతుంది, ఎంత సాఫీగా తిరుగుతుంది, ఈ రెండే చూడాలి.

షాపుకి తీసుకెళ్లాల్సినవి

- మీ క్యామ్‌కార్డర్, ఖాళీ మెమరీ కార్డుతో. మీరు వాడబోయే బ్యాటరీల్లో పెద్దదాన్ని పెట్టండి, బ్యాలెన్స్ దాన్ని బట్టి మారుతుంది.
- ఒక రబ్బరు బ్యాండ్, ఒక రూపాయి బిళ్ల.
- ఎంఎం గీతలున్న స్కేలు, ఒక కొలత టేపు.
- మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. స్టాండ్‌లో బిగించిన బుడగని గుడ్డిగా నమ్మకండి.

విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నా, అరండల్‌పేటలో కొన్నా, షాపులో జనం పల్చగా ఉండే వేళ వెళ్లండి. ఈ పరీక్షలకి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు లోపలే ఇంట్లో ఇవన్నీ చేసేయండి.

1. ముందు ఎక్కడ తీస్తారో తేల్చుకోండి

అన్నింటికీ ఒకే స్టాండ్ అనే ఆలోచన వదిలేయండి. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి హాల్లో కుర్చీల వెనక నిలబడి రెండు గంటల నాటకం తీయడం ఒక పని. కల్యాణ మండపంలో జనం మధ్య తిరుగుతూ తీయడం ఇంకో పని. కృష్ణ ఒడ్డున ఘాట్ మెట్ల మీద గాలిలో తీయడం మూడోది. మీరు పదిసార్లు తీస్తే ఏడెనిమిదిసార్లు ఏది చేస్తారో దానికే కొనండి. మొదటిదైతే ట్రైపాడ్. రెండోదైతే మోనోపాడ్ అనే ఒంటికాలి స్టాండ్, దాని సంగతి 6వ అంచెలో చెప్తాం. మూడోదైతే బరువున్న ట్రైపాడ్.

ఎత్తు కూడా ఇక్కడే తేలిపోవాలి. కుర్చీలో కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు 130 సెంటీమీటర్లు. లెన్స్ 150 దగ్గర ఉంటే కూర్చున్నవాళ్ల మీదుగా హాయిగా తీయొచ్చు. పెళ్లిలో తలంబ్రాల వేళ ఎవరు కూర్చుంటారు? అందరూ లేచి నిలబడి సెల్‌ఫోన్లు ఎత్తుతారు. అప్పుడు 180 దాటాలి. ఈ ఎత్తు మధ్య గొట్టం పైకి లాగకుండా రావాలి. డబ్బా మీద రాసే గరిష్ఠ ఎత్తు ఎప్పుడూ గొట్టం మొత్తం లాగి కొలిచిందే. ఆ గొట్టం పైకి లాగారంటే మూడు కాళ్ల స్టాండ్ మీద ఒంటికాలి స్టాండ్ పెట్టినట్టే. టేపు తెచ్చుకోమన్నది అందుకే.

2. కెమెరా అడుగు తిరగేసి చూడండి

అడుగున స్క్రూ పట్టే రంధ్రం పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. దాదాపు అన్ని క్యామ్‌కార్డర్లకీ ఇదే. కొన్నింటికి దాని ముందో వెనకో ఇంకో చిన్న గుంట ఉంటుంది, మరలు ఉండవు. కెమెరా అడుగున బిగించి హెడ్‌లో పెట్టే పలకనే ప్లేట్ అంటారు. దాని మీదుండే చిన్న పిన్ను ఆ గుంటలో కూర్చుంటే, పాన్ చేసేటప్పుడు, అంటే పక్కకు తిప్పుతూ తీసేటప్పుడు, కెమెరా స్క్రూ చుట్టూ తిరగదు. మీ కెమెరాకి ఆ గుంట ఉంటే పిన్ను ఉన్న ప్లేట్‌నే అడగండి. గుంట లేకపోతే పిన్ను లోపలికి అణిగేదో, తీసేయగలిగేదో కావాలి. లేదంటే కెమెరా ఆ పిన్ను మీద ఎత్తుగా కూర్చుని ఊగుతుంది.

ఇప్పుడు స్కేలు తీయండి. ప్లేట్ మీది రబ్బరు పైనుంచి స్క్రూ ఎంత పొడవు బయటికి వచ్చిందో కొలవండి. సోనీ హ్యాండీక్యామ్ మాన్యువళ్లలో ఇది 5.5 ఎంఎం కంటే తక్కువ ఉండాలని రాసి ఉంటుంది. నాలుగున్నర నుంచి 5 ఉంటే మంచిది. ఎక్కువ పొడవుంటే రెండు రకాల నష్టం: చివరిదాకా తిప్పినా ప్లేట్ కెమెరాకి అంటుకోదు, ఇంకా బలంగా తిప్పితే స్క్రూ మొన లోపలి అడుగుని పొడుస్తుంది. స్క్రూ పొడవైతే మధ్యలో ఒక తోలు వాషర్ వేస్తే సరి.

అసలు స్క్రూ పోయిందని హార్డ్‌వేర్ షాపులో 6 ఎంఎం బోల్టు తెచ్చి బిగించేవాళ్లు చాలామంది ఉన్నారు. చూపుకి ఒకేలా ఉంటుంది. కానీ పావు అంగుళం అంటే 6.35 ఎంఎం, మరకీ మరకీ మధ్య 1.27 ఎంఎం. 6 ఎంఎం బోల్టుకి ఆ దూరం 1 ఎంఎం. రెండు చుట్లు లోపలికి వెళ్లి లూజుగా పట్టినట్టుంటుంది, గట్టిగా తిప్పితే కెమెరా మరలు చెడతాయి. కెమెరా మరలు పోయాయంటే రిపేరు స్టాండ్ ఖరీదు కంటే ఎక్కువవుతుంది. షాపులో అడగాల్సిన మాట: "పావు అంగుళం, ఇరవై మర."

ఇంకొక్కటి. ప్లేట్ బిగించాక బ్యాటరీ ఊడి వస్తుందా, కార్డు తలుపు తెరుచుకుంటుందా చూసుకోండి. కార్డు అడుగున ఉండే మోడళ్లలో వెడల్పాటి ప్లేట్ ఆ తలుపుని మూసేస్తుంది. కచేరీ మధ్యలో కార్డు నిండినప్పుడు స్క్రూ విప్పుతూ కూర్చోవాల్సి వస్తుంది.

3. హెడ్ ఎంచుకోండి, డబ్బంతా ఇక్కడే పెట్టండి

స్టాండ్ అనగానే అందరూ కాళ్లు చూస్తారు. వీడియోకి ప్రాణం హెడ్. బడ్జెట్ ఎంతైనా హెడ్‌కి సగం కంటే ఎక్కువ ఇవ్వండి. హెడ్ ఊడదీయడానికి వీల్లేని స్టాండ్ కొంటే, రేపు కాళ్లు బాగున్నా హెడ్ నచ్చక మొత్తం మార్చాలి. హెడ్ కిందనుంచి తిప్పితే ఊడి, లోపల 3/8 అంగుళం బోల్టు కనిపిస్తే మంచిది.

బాల్ హెడ్ ఫోటోలకి బాగుంటుంది, వీడియోకి వద్దు. లూజు చేయగానే కెమెరా అన్ని వైపులకీ ఒకేసారి వాలుతుంది, నేరుగా పక్కకు తిప్పడం కుదరదు. రెండు హ్యాండిళ్ల మూడు దిక్కుల హెడ్ కదలకుండా పెట్టి తీసేవాళ్లకి చాలు. పాన్, టిల్ట్ (పైకీ కిందికీ వంచడం) చేయాలనుకుంటే ఒక పొడవాటి హ్యాండిల్ ఉన్న ఫ్లూయిడ్ హెడ్, అంటే లోపలి చిక్కటి ద్రవం వల్ల సాఫీగా తిరిగే హెడ్, కావాలి.

ఫ్లూయిడ్ అని స్టిక్కర్ అంటించినవన్నీ ఫ్లూయిడ్ కావు. చాలావాటిలో ఉండేది ప్లాస్టిక్ వాషర్లు, కాస్త గ్రీజు. తేడా చేత్తోనే తెలుస్తుంది. హ్యాండిల్ పట్టుకుని చాలా మెల్లగా తిప్పండి, తర్వాత వేగంగా తిప్పండి. అసలైన ఫ్లూయిడ్ హెడ్ మెల్లగా తిప్పితే తేలిగ్గా వస్తుంది, వేగం పెంచితే చిక్కటి పాకంలో గరిటె తిప్పినట్టు అడ్డుపడుతుంది. రాపిడి మీద నడిచేదైతే రెండు వేగాల్లోనూ ఒకే బిగువు, పైగా మొదట్లో పట్టేసినట్టుంటుంది.

ఇక్కడొక ఉచ్చు ఉంది. మంచిదే కొందామని పెద్ద కెమెరాల హెడ్ కొంటే, అందులో టిల్ట్‌కి స్ప్రింగ్ ఉంటుంది. అది రెండు కిలోల పైబడిన కెమెరాకి లెక్కగట్టింది. దాని మీద మీ పావు కిలో కెమెరా పెట్టి కిందికి వంచి వదిలితే, స్ప్రింగ్ దాన్ని తిరిగి పైకి నెట్టేస్తుంది. స్ప్రింగ్‌ని ఆపే మీట ఉన్న హెడ్ తీసుకోండి. లేదా కెమెరా కింద బరువు వేయండి.

ఆ బరువు ఇలా చేయించుకోవచ్చు. ఆటోనగర్‌లో ఏ లేత్ వర్క్‌షాపులోనైనా 150 ఎంఎం పొడవు, 60 వెడల్పు, 10 మందం ఇనుప పట్టీ కోయించండి. బరువు సుమారు 700 గ్రాములు వస్తుంది. ఒక రంధ్రం హెడ్ వైపుకి: 5.1 ఎంఎం బిట్‌తో వేసి, పావు అంగుళం 20 మరల ట్యాప్ కొట్టించాలి. రెండోది కెమెరా వైపుకి: 6.5 ఎంఎం రంధ్రం, స్క్రూ తల అడుగున దిగిపోయేలా గుంట తీయించాలి. పైన సైకిల్ ట్యూబ్ ముక్క అంటించాక స్క్రూ బయటికి 5 ఎంఎం మించి రాకూడదు. ట్యూబ్ అంటించకముందు కొలిచి, స్క్రూ పొట్టిదైపోయి మళ్లీ వర్క్‌షాపుకి వెళ్లేవాళ్లున్నారు. ఈ పట్టీ వల్ల స్ప్రింగ్ గొడవ తగ్గడమే కాదు, బటన్ నొక్కినప్పుడు వచ్చే వణుకూ తగ్గుతుంది. రెండు మూడు వందల గ్రాముల కెమెరా ఒక్కసారిగా కిలో కెమెరాలా ప్రవర్తిస్తుంది.

4. కాళ్లు

అల్యూమినియం చాలు. కార్బన్ ఫైబర్ బరువు తగ్గించడానికి, మనకి ఇక్కడ కావాల్సింది బరువు తగ్గడం కాదు. ఒక్కో కాలులో మడతలు ఎన్ని తక్కువైతే అంత గట్టిదనం: మూడు ముక్కల కాళ్లు మంచివి, నాలుగు పర్లేదు, ఐదు వద్దు. చివరి ముక్క పెన్సిల్ అంత సన్నగా ఉంటే పక్కన పెట్టేయండి. మీట తాళాలు త్వరగా పడతాయి, పట్టిందో లేదో కంటికి తెలుస్తుంది. తిప్పే తాళాలు ఇసుకకి త్వరగా జామ్ అవుతాయి. ఘాట్‌లలో తీసేవాళ్లు మీటవి తీసుకోండి.

కాళ్ల మధ్య సన్నటి ప్లాస్టిక్ పుల్లలతో కట్టిన స్ప్రెడర్ షోకి మాత్రమే. విరిగేది మొదట అదే.

5. కౌంటర్ మీద పరీక్షలు

కెమెరా బిగించి, కాళ్లు పూర్తిగా చాచి, కెమెరాలో వణుకుని సర్దే ఇమేజ్ స్టెబిలైజర్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే స్టాండ్ లోపాల్ని కొంత దాచేస్తుంది. రోడ్డుకి అవతలి షాపు బోర్డు మీద అక్షరం ఒకటి పట్టుకుని పూర్తిగా జూమ్ చేసి, రికార్డింగ్ పెట్టి ఉంచండి.

అ) తట్టు పరీక్ష. ఒక కాలి మధ్యలో చూపుడు వేలితో ఒక్క తట్టు తట్టండి. స్క్రీన్ మీద అక్షరం ఊగడం ఆగేదాకా లెక్కపెట్టండి. ఒక సెకను లోపు ఆగితే బాగుంది. రెండు దాటితే బయట గాలిలో పనికిరాదు. మధ్య గొట్టం లాగి ఇదే మళ్లీ చేయండి, ఎందుకు లాగొద్దన్నామో కళ్లముందే కనిపిస్తుంది.

ఆ) మెలి పరీక్ష. పాన్ తాళం బిగించి, హెడ్ కింద కాళ్లు కలిసే చోట పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పండి. కాళ్ల కీళ్ల దగ్గర కటుక్కుమంటే అక్కడ లూజుంది. కొన్ని స్టాండ్లలో అక్కడ నట్టు ఉంటుంది, బిగిస్తే పోతుంది. రివెట్ అయితే పోదు.

ఇ) రబ్బరు బ్యాండ్ పరీక్ష. ఇదే అసలైంది. బ్యాండ్‌ని హ్యాండిల్ చివర తగిలించి, చెయ్యి తాకకుండా దాంతోనే మెల్లగా పక్కకు లాగండి. బ్యాండ్ కొంచెం సాగగానే హెడ్ జారుతూ మొదలవ్వాలి. సాగి, సాగి, ఒక్కసారి టక్కున కదిలిందంటే ప్రతి పాన్ మొదట్లోనూ మీకు ఆ కుదుపు వస్తుంది. లాగడం ఆపగానే బొమ్మ కాస్త వెనక్కి వస్తుందా చూడండి. వస్తే పాన్ ఆపిన ప్రతిసారీ ఫ్రేమ్ వెనక్కి జారుతుంది. మంచి హెడ్డే కొన్నా, ఇంటి దగ్గర సాఫీ పాన్‌కి కూడా ఈ బ్యాండ్ పనికొస్తుంది. చేతి వణుకు బ్యాండ్‌లోనే ఆగిపోతుంది.

ఈ) కుంగుడు పరీక్ష. అక్షరం ఫ్రేమ్ మధ్యలో పెట్టి టిల్ట్ తాళం బిగించి చెయ్యి తీసేయండి. అక్షరం పైకి పోయిందంటే కెమెరా ముందు వాలిందన్నమాట. కాస్త కుంగడం చవక హెడ్‌లన్నింటిలో ఉంటుంది. ఫ్రేమ్‌లో పదోవంతు దాటితే మాత్రం వద్దు. ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి, ఇంకా కిందికి వాలుతుంటే ఆ హెడ్ రెండు గంటల కచేరీకి పనికిరాదు.

ఉ) ప్లేట్ పరీక్ష. రూపాయి బిళ్లతో స్క్రూ బిగించి, ప్లేట్ హెడ్‌లో పెట్టి తాళం వేసి, కెమెరాని పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. ఏ ప్లాస్టిక్ ప్లేట్ అయినా మొదటి రోజు గట్టిగానే ఉంటుంది. మొదటి రోజే ఆడితే ఇక అంతే. ఎంచుకున్నాక అదే నమూనా ప్లేట్ ఇంకోటి అప్పుడే కొనండి. ప్లేట్ పోయాక అదే కొలత దొరక్క మంచి స్టాండ్ అటక ఎక్కుతుంది.

ఇవన్నీ రికార్డయ్యాయి కదా. ఆ కార్డు ఇంట్లో టీవీలో వేసి చూడండి. కెమెరా స్క్రీన్ 2.7 అంగుళాలే, దాని మీద సగం వణుకులు కనబడవు. షాపువాళ్లు మర్నాడు మారుస్తారా అని డబ్బు కట్టేముందే అడగండి.

6. ట్రైపాడ్ పట్టని చోట

కల్యాణ మండపంలో భోజనాల బంతుల మధ్య మూడు కాళ్లు చాపే జాగా ఉండదు. మోనోపాడ్ తీసుకోండి, అడుగున మూడు చిన్న కాళ్లున్నదైతే ఇంకా నయం. అయితే దాన్ని వదిలేసి వెళ్లకూడదు, ఆ చిన్న కాళ్లు నిలబెట్టడానికి కాదు, ఊగకుండా ఆపడానికి. మోనోపాడ్ మీద స్టెబిలైజర్ ఆన్‌లోనే ఉంచండి.

బాల్కనీ కటకటాలకి బిగించే క్లాంప్ చవకైన మంచి దారి. దవడ కనీసం 40 ఎంఎం తెరుచుకోవాలి. బిగించాక కటకటాన్ని తట్టి చూడండి, పిల్లలు దాన్ని పట్టుకుని ఊగితే మీ బొమ్మా ఊగుతుంది.

ఏ ఖర్చూ లేనిది గింజల సంచి. మందపాటి గుడ్డతో జానెడు సంచి కుట్టించి, కిలో పెసలు పోసి మూతి కుట్టేయండి. ముప్పాతిక వంతే నింపండి. నిండుగా పోస్తే రాయిలా అయి కెమెరా అందులో కూర్చోదు. గోడ మీద, మెట్టు మీద, కారు కిటికీ మీద పెట్టి మధ్యలో కెమెరాని నొక్కండి. ఉప్పు మాత్రం వద్దు, తేమకి చెమ్మగిల్లి కెమెరా అడుగుని తినేస్తుంది.

వంగే కాళ్ల చిన్న స్టాండ్లు, సెల్‌ఫోన్ గింబల్స్ (మోటార్లతో ఫోన్‌ని నిలకడగా పట్టే పిడులు): కెమెరా స్క్రీన్ పక్కకు తెరవగానే ఇవి వాలిపోతాయి. వదిలేయండి.

ఉండవల్లి గుహల లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి కావాలి. గుళ్లలో ఎక్కడైనా సరే అడక్కుండా కాళ్లు చాపకండి.

7. నిలబెట్టే పద్ధతి

చెక్క డయాస్ మీద పెట్టకండి. డాన్స్ చేసే పిల్లల అడుగులన్నీ మీ వీడియోలోకి వస్తాయి. సిమెంటు నేల మీద, డీజే బాక్సులకి వీలైనంత దూరంగా పెట్టండి. తప్పకపోతే మూడు కాళ్ల కింద లారీ ట్యూబ్ ముక్కలు మడత లేకుండా ఒక్క పొరగా వేయండి. తువ్వాలు మడిచి వేస్తే వణుకు పోయి ఊగిసలాట వస్తుంది. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి నది తీయాలనుకునేవాళ్లకీ ఇదే మాట: పక్కనుంచి వాహనం పోయినప్పుడల్లా వంతెన వణుకు బొమ్మలో పడుతుంది. ఘాట్ మెట్ల మీదకి దిగి తీయండి.

కాళ్లు చాపేటప్పుడు పైన లావుగా ఉన్న ముక్కలు ముందు, సన్నవి చివర. ఒక కాలు లెన్స్ చూసే దిక్కుకి పెట్టండి, మీరు నిలబడే జాగాలో రెండు కాళ్ల మధ్య ఖాళీ వస్తుంది. గాలి ఉంటే మధ్య కొక్కేనికి సంచి వేలాడదీయండి. దాని అడుగు నేలకి ఆనుతూ ఉండాలి. గాల్లో వేలాడితే గడియారం లోలకంలా ఊగి ఉన్న వణుకుని పెంచుతుంది. చార్జర్ తీగ ఉంటే ఒక చుట్టు కాలికి కట్టి, కెమెరా దగ్గర కాస్త వదులు ఉంచండి. కాళ్ల అడుగున తెల్ల టేపు చుట్టండి. మండపంలో స్టాండ్ పడిపోయేది గాలికి కాదు, పరిగెత్తే పిల్లల కాళ్లకి.

రసమట్టం చూడడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. స్టాండ్ వంకరగా నిలబెట్టి, హెడ్‌ని పక్కకి వంచి కెమెరాని సరిచేస్తారు. ఎదురుగా ఉన్నంతవరకూ ఫ్రేమ్ బాగుంటుంది. పాన్ చేయగానే ఒక పక్కకి ఒరిగిపోతుంది, ఎందుకంటే హెడ్ తిరిగే ఇరుసే వంకరగా ఉంది. ముందు హెడ్‌ని సున్నా దగ్గర పెట్టి, కాళ్లు పొడుగూ పొట్టీ చేసి మట్టం తేవాలి. సరిచూడడం మేస్త్రీ పద్ధతిలోనే: హెడ్ తిరిగే భాగం పైన రసమట్టం పెట్టండి, బుడగ చూడండి, హెడ్‌ని 180 డిగ్రీలు తిప్పండి. బుడగ అదే చోట, అదే గీతల మధ్య నిలిస్తే ఇరుసు నిటారుగా ఉంది. ఇవతలి నుంచి అవతలికి పరిగెత్తిందంటే కాళ్లు సర్దాలి. తర్వాత 90 డిగ్రీలకీ ఒకసారి చూడండి.

స్టాండ్ మీద ఉన్నంతసేపూ స్టెబిలైజర్ ఆఫ్. ఆన్‌లో ఉంచితే, పాన్ ఆపినా బొమ్మ ఇంకొంచెం జారి ఆగుతుంది. హెడ్ పాడైందనుకుని స్టాండ్ మార్చేవాళ్లున్నారు. జూమ్‌కి వీలైతే రిమోట్ వాడండి. కొన్ని ట్రైపాడ్లకి హ్యాండిల్‌లోనే రికార్డ్, జూమ్ బటన్లుంటాయి, సోనీ వీసీటీ-వీపీఆర్1 అలాంటిదే. దాని తీగ మీ కెమెరాలో ఏ సాకెట్‌కి పడుతుందో ముందు చూసుకోండి.

పాన్ చేసేటప్పుడు ముందు ఆగాల్సిన వైపుకి తిరిగి నిలబడండి. పాదాలు కదపకుండా నడుం మెలితిప్పి మొదలుపెట్టే చోటికి హ్యాండిల్ తీసుకెళ్లండి. అక్కడినుంచి ఒళ్లు విప్పుకుంటూ రండి. చివరికి వచ్చేసరికి మీరు సుఖంగా నిలబడి ఉంటారు, ఆపడం సాఫీగా ఉంటుంది. చాలామంది దీనికి తలకిందులుగా చేసి, చివర్లో మెలితిరిగి వణుకుతారు. ఫ్రేమ్‌లో ఒక అంచున ఉన్న స్తంభం రెండో అంచుకి చేరడానికి ఏడు సెకన్లన్నా పట్టాలి. పాన్‌కి ముందు, తర్వాత అయిదేసి సెకన్లు కదలకుండా ఉంచండి, ఎడిటింగ్‌లో కోసుకోవడానికి అవే దిక్కు.

8. వచ్చాక సరిచూడడం

కృష్ణ ఒడ్డున నిలబడి అవతలి గట్టు నీటిని తాకే గీత వెంట ఎడమ నుంచి కుడికి ఒక పాన్ తీసి టీవీలో వేయండి. ఆ గీత పాన్ మొదట్లో, చివర్లో ఫ్రేమ్‌లో ఒకే ఎత్తున ఉంటే మట్టం సరి. మెల్లగా ఎక్కుతూనో దిగుతూనో పోతే ఇరుసు వంకర. గీత ఎత్తు సరిగానే ఉండి అక్కడక్కడా చిన్న మెట్లుగా కదిలితే అది పాన్ బిగువు ఎక్కువైనందువల్ల, నాబ్ పావు చుట్టు వదులు చేయండి. బొమ్మ మొత్తం ఒకే లయలో సన్నగా వణికితే గాలి, లేదా లూజు కాలు. రికార్డింగ్ మొదలుపెట్టిన మొదటి సెకనులోనే కుదుపుంటే అది మీ వేలు. రిమోట్ లేకపోతే ఆ సెకను కోసేయండి.

ఒడ్డు నుంచి వచ్చాక స్టాండ్‌ని మడిచి సంచిలో పెట్టేయకండి. కాళ్లు పూర్తిగా చాచి, తడిగుడ్డతో ఇసుక తుడిచి, నీడలో ఆరనిచ్చాకే మడవండి. తాళాల దగ్గర గరగరమంటే ఇసుక దూరినట్టు, మడిస్తే గొట్టం గీసుకుపోతుంది. ఎక్కడా కొబ్బరినూనె రాయొద్దు, జిడ్డుకి ఇసుక అంటుకుంటుంది. హెడ్ లోపలికి అసలే వద్దు. మీట తాళం లూజైతే దాని నట్టుని పావు చుట్టు బిగించి, కాలు మీద చేత్తో బరువు వేసి చూడండి, జారితే ఇంకో పావు. మే నెలలో స్టాండ్ కారులో వదిలేయొద్దు, ఎండకి ప్లాస్టిక్ తాళాలు పెళుసెక్కుతాయి. ప్లేట్‌ని కెమెరా నుంచి విప్పి హెడ్‌లోనే బిగించి ఉంచండి, రెండో ప్లేట్ కెమెరా సంచిలో పడేయండి.